కోచమ్మ నిమిషం

వినవచ్చిన వారికి మేలు కలగాలి. చెప్పే నా నోట తప్పు దొర్లకుండా అమ్మవారు కాయాలి. పిల్లలూ, కాస్త ముందుకి జరగండి. వెనకనున్న అమ్మలూ, వినబడుతోందా? సరే మరి.

అనగా అనగా, గడియారానికి రోజూ కీ తిప్పితేనే పొద్దు గడిచే కాలంలో, కొండకీ సముద్రానికీ నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో ఆడపిల్లల కాలేజీ. కాలేజీ వెనక మట్టి నేల. ఈ చివరొక గుంజ, ఆ చివరొక గుంజ. గుంజకో ఇనుప రింగు. అదీ బాస్కెట్‌బాల్ కోర్టు.

ఆ కోర్టు ఊడ్చే మనిషి సన్యాసమ్మ. పొద్దున్నే ఊడ్చేది. నీళ్లు చల్లేది. సున్నంతో గీతలు గీసేది. పిల్లలు ఆడుతుంటే గీత బయట నిలబడి చూసేది. పదేళ్లు చూసింది. పదేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, "ఇదిగో సన్యాసమ్మా, నువ్వూ ఒకసారి బంతి పట్టు" అనలేదు.

ఒక ఏడు ఆట నేర్పే టీచరు వేరే ఊరికి వెళ్లిపోయింది. కొత్త టీచరు రాలేదు. పిల్లలు దిగులుగా కూర్చుంటే, సన్యాసమ్మ చీపురు గోడకి ఆనించి వచ్చింది. "నువ్వు బంతి కొట్టేటప్పుడు నేలకేసి సూస్తావే గుంటా. అందుకే బంతి లాక్కుపోతారు. నువ్వేమో, ఎగిరేముందు మోకాళ్లు వంచవు" అంది. ఆ వైపు ఆడపిల్లని గుంట అంటారు లెండి. పిల్లలు నోళ్లు తెరిచారు. ఆ పూట నుంచి ఆవిడే వాళ్లకి కోచ్. కోచ్ కాస్తా వారం తిరక్కుండా కోచమ్మ అయిపోయింది. ఎదురుగా పిలిచేటప్పుడు మాత్రం పిల్లలకి ఆవిడ 'అప్ప', అంటే అక్క.

కోచమ్మకి ఒక నియమం ఉంది. "బంతి ముట్టిన గుంట ఆడకుండా ఇంటికెల్లదు." ఎంత పెద్ద మ్యాచైనా సరే, చేతకాని పిల్లకైనా సరే, ఒక్క నిమిషమైనా ఆడించేది. గీత బయట పదేళ్లు నిలబడ్డ మనిషి కదమ్మా, ఆ నొప్పి ఆవిడకి తెలుసు.

కోచమ్మకి ఒక భయమూ ఉంది. మ్యాచి అంటే చాలు, గుండె గుబగుబ, కాళ్లు గజగజ. విజిల్ తాడు వేలికి మూడు చుట్లు చుట్టుకుని, "తల్లీ, నా గుంటల్ని కాయి" అనుకునేది. గెలుస్తున్నా అంతే, ఓడుతున్నా అంతే.

ఇలా ఉండగా, కాలేజీ కమిటీ పెద్ద జగ్గారాయుడు గారు కబురంపారు. "ఆడపిల్లలకి ఈ గెంతులేమిటి? ఆ స్థలంలో ధాన్యం గిడ్డంగి కట్టుకోవచ్చు. ఈ ఏడు కప్పు తెస్తే కోర్టు ఉంటుంది. తేకపోతే గుంజలు పీకించేస్తాను."

ఇక చూడండి. అన్నం ముందు కూర్చుంటే గుబగుబ. చీపురు పడితే గజగజ.

ఆడేది ఐదుగురు. జట్టులో పిల్లలు ఆరుగురు. ఆరో పిల్ల ఎర్నమ్మ. గొర్రెలు కాసుకునేవారి పిల్ల. తెల్లారకముందే బయల్దేరి రెండు కోసులు నడిచి వచ్చేది. మనసు బంగారం, చేతులు మాత్రం వెన్న. బంతి నిలిచేది కాదు.

మొదటి మ్యాచి నేతగాళ్ల ఊరితో. ఎర్నమ్మకి ఒక నిమిషం ఇచ్చింది కోచమ్మ. ఎర్నమ్మ జారి పడింది. అయినా గెలిచారు. రెండో మ్యాచి కొండ కింద ఊరితో. ఎర్నమ్మకి ఒక నిమిషం ఇచ్చింది. ఎర్నమ్మ బంతిని గీత దాటించి ఎవరి తాతగారి ఒళ్లోకో విసిరింది. అయినా గెలిచారు.

మూడోది ఫైనల్. ఏటి అవతలి ఊరి జట్టుతో. ఆ జట్టు టీచరు దమయంతి, ఆటలో గట్టి మనిషి.

ఆ రోజు ఎర్నమ్మ తల్లి పోలమ్మ కూడా వచ్చింది, కూతురి ఆట చూద్దామని. పాపం, ఆవిడకి చూపు తక్కువ. రాగుల చోడంబలి చెంబు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

ఆట హోరాహోరీ. మనవాళ్లొక బుట్ట వేస్తే వాళ్లొక బుట్ట. చివరికి మనవాళ్లు ఒకే ఒక్క పాయింటు పైన ఉన్నారు. మూడు నిమిషాలుంది.

ఎర్నమ్మ లేచి నిలబడింది. "అప్పా, నానెల్లనా?"

"ఉండవే."

రెండు నిమిషాలుంది. ఎర్నమ్మ మళ్లీ లేచింది. "అప్పా, నానెల్లనా?"

"ఉండవే, ఉండు."

ఒక్క నిమిషం ఉంది. ఎర్నమ్మ మూడోసారి లేచింది. ఈసారి ఏమీ అడగలేదు. ఊరికే చూసింది. కోచమ్మకి గుండె గుబగుబ, కాళ్లు గజగజ. తాడు వేలికి మూడు కాదు, ఆరు చుట్లు చుట్టింది. మొహం అటు తిప్పేసుకుంది.

విజిల్ మోగింది. ఒక్క పాయింటుతో గెలిచారు! కప్పు వచ్చింది, కోర్టు నిలిచింది. ఊరంతా డప్పులు.

ఆ డప్పుల్లోంచి తడుముకుంటూ వచ్చింది పోలమ్మ. "అమ్మా కోచమ్మా, నా సూపు మాయదారి సూపు. మా గుంట ఎప్పుడాడిందో నాకు ఆనలేదు. బాగా ఆడిందా?"

కోచమ్మ వేలికున్న తాడు చుట్లు విప్పసాగింది.

ఎర్నమ్మే తల్లి చెయ్యి పట్టుకుంది. "ఆడేనమ్మా. బాగానే ఆడేను. నువ్వు అటేపు సూసినట్టున్నావు. పద, ఎల్దాం."

దేవుడు మనల్ని కర్రతో కొట్టడమ్మా. అమాయకుల నోట ఒక మాట పలికిస్తాడు. అదే దెబ్బ.

మూడు రోజులు కోచమ్మ మెతుకు ముట్టలేదు. మూడో రోజు కప్పుని చీరకొంగులో చుట్టింది. పిల్లల్ని పిలిచింది. "ఏరు దాటాలి, రండి" అంది.

జట్టు పెద్దపిల్ల అప్పలకొండ నోరున్న పిల్ల. "ఎందుకప్పా?"

"ఎర్నమ్మ నిమిషం నాను తినేసేను. ఆ నిమిషం ఆడించాలి. అందులో ఏటొస్తే అది మొన్నటి ఆటలో కలపాలి."

"అప్పా! కప్పు పోతే కోర్టు పోద్ది! గుంజలు పీకేస్తారు!"

"తెలుసే." చెప్పేటప్పుడు కూడా కాళ్లు గజగజే. "భయపడే కదా తప్పు సేసేను. ఇప్పుడు భయపడుతూనే దిద్దుకుంటాను."

దారిలో పల్లెకి వెళ్లి పోలమ్మని వెంటబెట్టుకున్నారు. పడవెక్కి ఏరు దాటారు. సంగతి విని దమయంతి టీచరు నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఓడినవాళ్లు మళ్లీ ఆడదామనడం చూశాను. గెలిచినవాళ్లు అడగడం ఇదే చూడ్డం. నీకు ఎండదెబ్బేమైనా తగిలిందా తల్లీ?"

"మనసుకి తగిలిందమ్మా. ఒక్క నిమిషం. సెయ్యెత్తి దణ్ణం పెడతాను."

సరే అన్నారు. పోలమ్మని గుంజ పక్కనే, గీతకి ఆనించి కూర్చోబెట్టారు. గడియారం లేదు. అందుకని చుట్టూ చేరిన జనమే గొంతు కలిపి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు...

పది దగ్గర ఎర్నమ్మ చేతికి బంతి వచ్చింది. జారిపోయింది. ఇరవై దగ్గర అవతలి పిల్ల బుట్టలో వేసేసింది. రెండు పాయింట్లు. అయిపోయింది. అప్పలకొండ కళ్లు మూసుకుంది. నలభై దగ్గర ఎర్నమ్మకి మళ్లీ బంతి దొరికింది. తోటిపిల్లకి అందించింది, అవతలివాళ్లు అడ్డుకున్నారు. యాభై ఐదు. మూడోసారి బంతి. ఎర్నమ్మ మోకాళ్లు వంచింది. ఎగిరింది. విసిరింది.

బంతి రింగుని తాకింది. టంగ్! రింగు చుట్టూ ఒక తిరుగుడు. రెండు తిరుగుళ్లు. మూడు తిరుగుళ్లు. బయటికి పడింది.

అరవై.

పోలమ్మ తలెత్తింది. "గుంటా, ఆ టంగుమన్నది నీదేనేటే?"

"నాదేనమ్మా," అంది ఎర్నమ్మ. ఈసారి అబద్ధం కాదు.

పోలమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి, కొంగులోంచి కప్పు తీసి దమయంతి చేతిలో పెట్టేసింది కోచమ్మ. గుంజలు పీకేస్తారన్న సంగతి మాత్రం అప్పలకొండ నోట దాగలేదు, పడవెక్కే ముందు దమయంతికి చెప్పేసింది.

మర్నాడు పొద్దున్నే జగ్గారాయుడు గారు మనుషుల్ని తీసుకుని వచ్చారు. గునపాలు, పారలు, మోకుతాళ్లు. గుంజకి తాడు కట్టారు. కోచమ్మ అప్పటికే కోర్టు ఊడ్చి, నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసి ఉంచింది. ఆఖరి రోజు కదా అని ఇంకాస్త శ్రద్ధగా గీసింది.

తాడు బిగిసింది. అప్పుడు గజ్జెల చప్పుడు. ఏటి రేవు నుంచి రెండెడ్ల బళ్లు! బళ్ల నిండా ఏటి అవతలి పిల్లలు. ముందు బండిలో దమయంతి టీచరు, ఒళ్లో కప్పు.

"అయ్యా రాయుడు గారూ," అంది దిగుతూనే, "వచ్చే ఏడు ఈ కప్పు మేం నిలబెట్టుకోవాలి. వీళ్లని కాదని ఇంకెవరితో ఆడి నిలబెట్టుకోమంటారు? చేతికొచ్చిన కప్పుని తెచ్చి ఇచ్చేసిన మనిషి కోర్టు పీకించారని నలుగురూ చెప్పుకుంటే మీకు బాగుంటుందా?"

రాయుడు గారు మీసం సవరించుకున్నారు. "మాటంటే మాటేనమ్మా. ఇప్పుడు కప్పు మనది కాదు."

ఈలోపు పోలమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో, తడుముకుంటూ వెళ్లి గుంజని కావలించుకుంది. "బాబూ, నాకు సూపు లేదు. ఈ గుంజ టంగుమంటేనే నా గుంట ఎక్కడుందో తెలుస్తాది. దీన్ని పీకీకండి."

గునపాలు పట్టుకున్న మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు గునపం కింద పెట్టాడు. రెండోవాడు పెట్టాడు. మూడోవాడూ పెట్టాడు.

"బాగుందిరా వరస!" అన్నారు రాయుడు గారు. "ఇందరు ఆడాళ్లు కలిసి నన్ను రాక్షసుణ్ణి చేసేలా ఉన్నారు. విప్పండి ఆ తాడు."

మరుసటి ఏడు కోచమ్మ జట్టు కప్పు గెలిచింది. ఆ మరుసటి ఏడూ గెలిచింది. వరసగా పన్నెండేళ్లు గెలిచింది. పన్నెండేళ్లూ ఆరో పిల్ల ఆడకుండా ఇంటికెళ్లలేదు. పన్నెండేళ్లూ గుండె గుబగుబ, కాళ్లు గజగజ. భయం పోయాక మంచిపని చేద్దామని కూర్చున్న మనిషి కాదమ్మా ఆవిడ.

కాలం తీరి అమ్మవారి పాదాల దగ్గరికి వెళ్లిపోయింది. విజిల్‌ని గుంజకి కట్టారు, మూడు చుట్లు చుట్టి. ఆ నేల ఊడ్చే చీపురు ఎర్నమ్మ అందుకుంది. ఆ చీపురుతోపాటే కోచమ్మ అన్న పేరూ అందుకుంది.

ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఆట అయిపోగానే ఎవరూ లేవరు. రెండు జట్లలోనూ ఆడకుండా మిగిలిన పిల్లల్ని కోర్టులోకి పిలుస్తారు. చూడవచ్చిన జనం గొంతు కలిపి అరవై లెక్కపెడతారు. దాన్ని కోచమ్మ నిమిషం అంటారు. పెళ్లి పందిట్లో ఎవరైనా మూల కూర్చుండిపోతే, "అదిగో, ఆవిడకి కోచమ్మ నిమిషం ఇవ్వండర్రా" అని చెయ్యి పట్టి ముందుకి తెస్తారు.

అదిగో, ఆ గోడవార పిల్ల. పొద్దుట్నుంచీ చూస్తున్నాను, నోరు విప్పలేదు. రా తల్లీ, ఇలా మధ్యలోకి రా. పాటో, పద్యమో, ఊరికే నీ పేరో, ఏదైనా చెప్పు. భయమేస్తోందా? వెయ్యనీ.

మీరంతా గొంతు కలపండి. ఒకటి... రెండు... మూడు...