సాంబారుకి పేరు లేని యూనివర్సిటీ

గొట్టుముక్కల నరసరాజుగారిని సూటిగా అడిగి సూటిగా జవాబు పొందినవాళ్ళు ఆకివీడులో ఎవరూ లేరు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి దిగిపోయారాయన. అయితే ఆయనకి పేరు తెచ్చింది బడి కాదు, అవధానం. అష్టావధానంలో ఒక అవధాని చుట్టూ ఎనిమిదిమంది కూర్చుని రకరకాల ప్రశ్నలతో ఆయన్ని పరీక్షిస్తారు కదా, అందులో ఒకరి పని కేవలం అడ్డు తగలడం. అవధాని పద్యం మధ్యలో ఉండగా, ఆ పద్యానికీ సభకీ సంబంధం లేని ప్రశ్న ఒకటి విసిరి ఆయన ధ్యాస చెడగొట్టాలి. దాన్నే అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆ కుర్చీలో నరసరాజుగారు కూర్చుంటున్నారని తెలిస్తే చాలు, అవధానులు ముందుగానే మంచినీళ్ళు తెప్పించుకునేవారు.

ఆ విద్య కోసం ఆయన గుమ్మం ఎక్కే ఏకైక శిష్యురాలు గుత్తుల వకుళ. ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తుంది. ఆమె చదువుకునే రోజుల్లో, వక్తృత్వ పోటీలో ఎదురుగా వకుళ ఉందంటే సగంమంది మగపిల్లలకి ఆ పూట గొంతు పట్టేసేది. అలాంటి మనిషి ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మాష్టారూ, నకిలీ యూనివర్సిటీని పోల్చుకోవడం ఎలాగండీ?"

రాజుగారు పడక కుర్చీలోంచి తల తిప్పారు. "మీ ఇంట్లో పెసరట్టులోకి అల్లం రుబ్బుతారా, తరుగుతారా?"

"ఇప్పుడొద్దండీ మాష్టారూ. నా ఉద్యోగం పోయేలా ఉంది."

ఆయన లేచి సరిగ్గా కూర్చున్నారు.

వకుళ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో ఎం.ఏ. కట్టింది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. భాషాశాస్త్రం ఒక్కటే రెండుసార్లు తప్పింది. మళ్ళీ రాయాలంటే డిసెంబరు దాకా ఆగాలి. ప్రిన్సిపాలేమో వచ్చే ఒకటో తారీఖుకల్లా పట్టా తన బల్లమీద ఉండాలన్నాడు, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. సరిగ్గా ఆ వారమే స్టాఫ్ రూములోకి కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దిగాడు. అఖిల విశ్వ అంతర్జాతీయ గ్లోబల్ యూనివర్సిటీ ప్రాంతీయ సమన్వయకర్త, డాక్టర్ డాక్టర్ ప్రభుకిరణ్. పరీక్ష ఇంట్లో కూర్చునే రాసుకోవచ్చు. పదిహేను రోజుల్లో పట్టా చేతికొస్తుంది, అదీ కిందటేడాది తేదీతో.

"కిందటేడాది తేదీతోనా?" అన్నారు రాజుగారు.

"అభ్యర్థికి అసౌకర్యం కలగకూడదనటండీ. నేనేం ఊరికే వదల్లేదు మాష్టారూ, ఇరవై రెండు ప్రశ్నలు రాసుకెళ్ళాను. గుర్తింపు ఉందా అంటే లెటరు తీశాడు. యూజీసీ జాబితాలో ఎందుకు లేదంటే, 'మేం ఆ జాబితాకి పైన ఉంటామమ్మా, అంతర్జాతీయం కదా' అన్నాడు. పట్టా మీద హోలోగ్రామ్ ఉంటుందా అంటే, ఒకటి కాదు మూడున్నాయన్నాడు. ఇంక అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు."

ఆమె చెప్పని సంగతి ఒకటుంది. ఎదుటివాణ్ణి ఓడించాలని అడిగే ప్రశ్న వేరు, వాడే గెలిస్తే బాగుణ్ణనుకుంటూ అడిగే ప్రశ్న వేరు. ఆ ఇరవై రెండూ రెండో రకానివి. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. నింపిన దరఖాస్తు సంచిలోనే ఉంది, సంతకం ఒక్కటే తరువాయి.

"ఆయన నాలుగింటికి ఇక్కడికే వస్తున్నాడండీ. మీ పేరు విన్నాడట, మీకు గౌరవ డాక్టరేటు ఇస్తాడట. నా దరఖాస్తూ ఇక్కడే తీసుకుంటానన్నాడు."

రాజుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొన్న నీకేం పాఠం చెప్పాను?"

"అనుకున్న ప్రశ్నకి అవధాని అందంగా జవాబు చెప్తాడు, అనుకోని ప్రశ్నకి నిజం చెప్తాడు అన్నారండీ."

"కూర్చో. ఆయనొచ్చాక నోరు మెదపకు."

"అది నాకు చాతకాదని మీకు తెలుసు కదండీ."

"అందుకే ముందుగా చెప్తున్నాను."

నాలుగింటికి కారు ఆగింది. భాద్రపదం ఉక్కలో కోటు, టై, ఒక చేతిలో తళతళలాడే కవరులో శాలువా, ఇంకో చేతిలో లావుపాటి ఫైలు. ప్రభుకిరణ్ చెమట తుడుచుకుంటూనే వంగి దణ్ణం పెట్టి, తన కార్డు అందించాడు.

"రాజుగారికి నమస్కారమండీ! పద్ధెనిమిది దేశాల్లో మా యూనివర్సిటీ..."

"కూర్చోండి డాక్టరుగారూ. రెండో డాక్టరుగారు రాలేదా?"

"రెండో ఆయనెవరండీ?"

"కార్డు మీద ఇద్దరున్నారు."

ప్రభుకిరణ్ గట్టిగా నవ్వాడు. "అవి రెండూ నా పట్టాలేనండీ. ఆయ్."

"సంతోషం. అఖిల, విశ్వ, అంతర్జాతీయ, గ్లోబల్. ఒకే మాట నాలుగుసార్లు చెప్పారు. ఇంతకీ ఏ ఊరండీ?"

"అన్ని ఊళ్ళూ మావేనండీ," అంటూ ఆయన ఫైలు తెరిచి గుర్తింపు పత్రాల పేజీ మీద వేలు పెట్టాడు. వకుళకి చూపించిన పేజీయే అది.

రాజుగారు ఆ వేలు వంక చూడనైనా చూడలేదు. "మీ క్యాంటీన్లో సాంబారు ఎలా ఉంటుందండీ?"

వేలు పేజీ మీదే ఆగిపోయింది. "సాంబారాండీ? ప్రపంచస్థాయిలో ఉంటుందండీ."

"పిల్లలు దానికేం పేరు పెట్టారు?"

"పేరేంటండీ? సాంబారుని సాంబారనే అంటారు."

యతి తప్పిన పద్యం విన్నట్టు రాజుగారు కళ్ళు మూసుకుని తెరిచారు. వకుళకి ఒక్కసారిగా తన యూనివర్సిటీ హాస్టలు కళ్ళముందుకొచ్చింది. వేసవి తరగతులకి వెళ్ళినప్పుడు అక్కడ ఇరవై రోజులు తిండి తిన్నది. అక్కడి సాంబారుని అందరూ 'పుష్కరం' అనేవారు. పన్నెండేళ్ళకోసారి గానీ ముక్క కనబడదని. ఆ మాట నోటిదాకా వచ్చింది. రాజుగారు చూపుడువేలు ఎత్తారు. ఆమె మింగేసింది.

"మీ దగ్గర ఆఖరి ధర్నా ఎప్పుడు జరిగిందండీ?"

"భలేవారే! ధర్నాలు మా నిఘంటువులోనే లేవండీ. అంతా క్రమశిక్షణ."

"పరీక్షలు వాయిదా పడటం?"

"చరిత్రలో లేదండీ."

"హాల్‌టికెట్టు మీద పేరు తప్పు పడటం?"

"అసంభవమండీ!" ప్రభుకిరణ్‌కి ఉత్సాహం పుంజుకుంది. ఈ ముసలాయన అడిగేవన్నీ తన మేలుకే అడుగుతున్నాడని తోచింది కాబోలు, టై కూడా సర్దుకున్నాడు.

వకుళ పేరు హాల్‌టికెట్టు మీద ఏడాదిన్నరపాటు 'వకీలు' అనే ఉండిపోయింది. దాన్ని సరిచేయించడానికి నాలుగుసార్లు బస్సెక్కింది. ఆఖరిసారి తనలాంటి బాధితుల్ని పదముగ్గుర్ని కూడగట్టి పరీక్షల విభాగం మెట్ల మీద బైఠాయించింది కూడా. అప్పుడు ఆ గుమాస్తా, "వకీలంటే వకీలులాగే ఉన్నావు కదమ్మా, మార్చడం దేనికి?" అన్నాడు. ఆ గుమాస్తా మీద ఆమెకి ఇన్నాళ్ళూ ఒళ్ళు మంటే. ఇవాళ మొదటిసారి, ఎందుకో, వాడు బతికున్న మనిషిలా కనబడ్డాడు.

"ఇంతకీ, కిందటేడు మీ దగ్గర పరీక్ష తప్పినవాళ్ళు ఎంతమందండీ?" అన్నారు రాజుగారు.

"ఒక్కరు కూడా లేరండీ! నూటికి నూరు శాతం. మొదలుపెట్టిన నాటినుంచీ అంతే."

"అయితే నాకు గౌరవ డాక్టరేటు వద్దండీ. నేనూ పరీక్షే రాస్తాను. భాషాశాస్త్రం. ఒకే ఒక్క కోరిక, మీరు నన్ను తప్పించాలి."

"దేన్నుంచి తప్పించాలండీ?"

"దేన్నుంచీ కాదు బాబూ. పరీక్షలో తప్పించాలి. ఫెయిలు చెయ్యాలి."

ప్రభుకిరణ్ నవ్వబోయాడు. రాజుగారి మొహంలో నవ్వు లేదు.

"ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి పిల్లల్ని తప్పించానండీ. నేనొక్కసారైనా తప్పకుండా పోతే వాళ్ళ ఉసురు తగులుతుంది."

"పెద్దవారు అలా అనకండీ. మీకు ఎనభై వేయిస్తాను."

"ముప్పై చాలు."

"అయ్యయ్యో. పోనీ డెబ్బై అయిదు."

"మీ మాటా వద్దు, నా మాటా వద్దు. ముప్పై అయిదు."

"డెబ్బై! అంతకంటే దిగితే యూనివర్సిటీ పరువు పోతుందండీ."

చేపల బజారులో గంప దగ్గర కూర్చున్నామె తనంతట తానే ఇంకో నాలుగు చేపలు వెయ్యబోతే, కొనేవాళ్ళు 'వద్దు తల్లీ, తగ్గించు' అని బతిమాలుతుంటే ఎలా ఉంటుందో, బేరం అలా తలకిందులుగా నడిచింది. అరవై అయిదు దగ్గర పీటముడి పడింది. ఇక లాభం లేదని ప్రభుకిరణ్ ఫోను తీశాడు. కంగారులో స్పీకరు నొక్కేసుకున్నాడు.

"సార్, ఇక్కడొక కేసండీ. ఫెయిల్ కావాలంటున్నారు."

అవతలి గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఎవరు?"

"క్యాండిడేటే సార్."

"ఫెయిల్ అనే కాలమ్ మన సాఫ్ట్‌వేర్‌లో లేదు కదయ్యా! అంతగా గొడవ చేస్తే సెకండ్ క్లాసిచ్చి సర్దెయ్."

ప్రభుకిరణ్ ఫోను ఛాతీకి అదుముకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "మీ కోసం ప్రత్యేకంగా సెకండ్ క్లాసు దాకా దిగుతారటండీ."

వకుళకి నవ్వు పొంగుకొచ్చింది గానీ సగంలోనే ఆగిపోయింది. సంచిలో ఉన్న దరఖాస్తులో 'కోరుకునే శ్రేణి' అని ఒక గడి ఉంది. ఫస్ట్ క్లాసు అంటే అత్యాశ అవుతుందని ఆమె సెకండ్ క్లాసు దగ్గర టిక్కు పెట్టింది. అలా పెట్టినందుకు రాత్రి తన నిజాయితీని తనే మెచ్చుకుంది కూడా.

"సరేనండీ, అంతగా అంటున్నారు కాబట్టి పరీక్ష ఇప్పుడే రాసేస్తాను," అని రాజుగారు తెల్లకాగితం తీసుకున్నారు. ముత్యాల్లాంటి అక్షరాలతో మూడంటే మూడు వాక్యాలు రాశారు. పక్కనే ఉన్న వకుళకి అవి స్పష్టంగా కనబడ్డాయి. 'నాకు భాషాశాస్త్రం రాదు. ఒక్క ముక్క కూడా రాదు. ఇది చదివినవారు దయచేసి నాకు సున్నా వేయగలరు.'

ప్రభుకిరణ్ రెండు చేతులా అందుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, ఫైల్లో పెట్టి చప్పుడయ్యేలా మూశాడు. "అద్భుతమండీ! ఈ వయసులో కూడా సబ్జెక్టు మీద ఏం పట్టండీ!"

"ఏం రాశారో చదివారా అండీ?" వకుళ నోరు ఇక ఆగలేదు.

"ఆ దస్తూరీ చూస్తే తెలియట్లేదా అమ్మా, విద్వత్తు! ఏదీ, నీ దరఖాస్తు ఇలా తే. సంతకం ఇక్కడే పెట్టేద్దువుగాని."

ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. దరఖాస్తు వేళ్ళకి తగిలింది. దాని వెనకాల, నలిగి మెత్తబడిపోయిన ఇంకో కాగితమూ తగిలింది. ఒకటో తారీఖు, ప్రిన్సిపాలు బల్ల, కొత్తగా వచ్చే మనిషి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

"నేను ఇవ్వడం లేదండీ."

"సందేహాలేమైనా ఉంటే అడుగమ్మా. ఇరవై రెండు అడిగావు, ఇంకో పది అడుగు!"

"లేవండీ. మాష్టారు అడిగేశారు."

ప్రభుకిరణ్ ఆమె వంకా, రాజుగారి వంకా మార్చి మార్చి చూశాడు. తను ఎక్కడ జారాడో అతనికి అంతుపట్టలేదు. అడిగినవాటన్నిటికీ నూటికి నూరు వచ్చే జవాబులే చెప్పాడాయె! ఫైలు చంకన పెట్టుకున్నాడు. విప్పని శాలువా మళ్ళీ కారెక్కింది.

కారు మలుపు తిరిగింది. తర్వాత వకుళ కుర్చీ పక్కన నేలమీద కూలబడింది. ఆమె గొంతులో పోటీలప్పటి కరుకుదనం ఏ కోశానా లేదు.

"ఒకటో తారీఖున ఆయన బల్లమీద ఏం పెట్టనండీ మాష్టారూ?"

రాజుగారు చెయ్యి చాపారు. ఆయన అడగాల్సిన పనిలేకుండానే ఆమె ఆ నలిగిన కాగితం తీసి ఇచ్చింది. భాషాశాస్త్రం మార్కుల జాబితా, రెండోసారిది. 'వకీలు' కొట్టేసి పైన 'వకుళ' అని ఎర్రసిరాతో రాసి ఉంది. పక్కన వంకరగా పడిన ముద్ర, దాని మీద ఎవరో గుమాస్తా చిన్న సంతకం. కింద మార్కులు ముప్పై ఒకటి. పాసవడానికి నలభై కావాలి.

ఆయన దాన్ని వెలుతురుకి పట్టి, పద్యం చదివినంతసేపు చదివారు. మడతలు విప్పి, మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. ఆమె చేతికి తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నారు.

"ముప్పై ఒకటి. నువ్వు రాసింది ఎవరో చదివారమ్మా."