ఆలస్యమైన గట్టిమేళం

బాపట్లలో భార్గవి అనే సన్నాయి విద్వాంసురాలు ఉండేది. వందమంది మెచ్చుకున్నా పట్టించుకోక, ముఖం చిట్లించిన ఒక్కరినే మనసులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం ఆమెకున్న జబ్బు.

ఆమె తండ్రి సాంబయ్య డోలు వాయించేవాడు. తండ్రీకూతుళ్ళు కలిసి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు మేళం కట్టేవారు. వాళ్ళ మేళంలో ఒక కట్టుబాటు ఉండేది. సన్నాయి ఊదేవాళ్ళ కళ్ళు పురోహితుడి చేతి మీద ఉండాలి, డోలు వాయించేవాళ్ళ కళ్ళు సన్నాయి మీద ఉండాలి. తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తగానే భార్గవి తల ఊపేది, సాంబయ్య డోలు మీద విరుచుకుపడేవాడు. దాన్నే గట్టిమేళం అంటారు. అంత మోత ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. ఆ క్షణంలో ఎవరు తుమ్మినా, ఎవరి నోటి నుంచి చెడ్డమాట జారినా అది వధూవరుల చెవిన పడకూడదని పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు అది. ఇంత చక్కని ఆలోచన ఎవరికి వచ్చిందోగానీ వాళ్ళకు మనుషుల నోళ్ళ సంగతి బాగా తెలుసు.

ఒకసారి భార్గవి మేడ మీద కూర్చుని మోహన రాగం ఆలాపన చేసి, ఆ వీడియోను ఫోన్లో అందరూ చూసేలా పెట్టింది. సాయంత్రానికల్లా ఎంతోమంది చూశారు. "చాలా బాగుంది తల్లీ" అన్నవాళ్ళున్నారు, చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టినవాళ్ళున్నారు. భార్గవి సంబరపడింది. అంతలో ఒక కామెంటు వచ్చింది.

"ఆ బుగ్గలు చూడండి, పొంగిన పూరీలు! ఆడపిల్లకి ఈ ఊదుడెందుకు? వంటింట్లో పొయ్యి ఊదుకోవచ్చుగా?"

రాసినవాడికి పేరు లేదు, ఊరు లేదు. ముఖం ఉండాల్సిన చోట పులి బొమ్మ ఉంది. పులి సంగతి దేవుడెరుగు, నోరు మాత్రం పెద్దదే. దాని కింద మరికొందరు పళ్ళికిలించి నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు పూరీతో పాటు కూర కూడా అడిగాడు. వాళ్ళ మధ్యలో తెనాలి నుంచి ఎవరో పెద్దాయన, "అమ్మాయీ, పై స్థాయికి వెళ్ళేటప్పుడు తొందరపడుతున్నావు. కాస్త ఊపిరి దాచుకుని ఎక్కు" అని రాశాడు. అప్పటికే ఒళ్ళు మండిపోతున్న భార్గవికి అది కూడా తిట్టులాగే కనిపించింది.

ఆమె ఊరుకోలేదు. పులి బొమ్మవాడికి పెద్ద జవాబు రాసింది. వాడు దానికి రెండు రాశాడు. ఆమె రెండింటికీ మళ్ళీ రాసింది. మెచ్చుకున్న వందమందిలో ఒక్కరికీ ఆమె జవాబు ఇవ్వలేదు. వాళ్ళు తిట్టలేదు కదా, ఇంకేం రాస్తుంది!

ఆ తరవాత ఆమె అద్దం ముందు కూర్చుని సాధన చేయడం మొదలుపెట్టింది. పక్కగదిలో డోలు బిగిస్తున్న సాంబయ్య చెవి రిక్కించాడు. లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? సన్నాయి ఊదుతున్నావా, దానికి సుస్తీ చేసిందా?" అన్నాడు.

"బుగ్గలు పొంగకుండా ఊదుతున్నా నాన్నా."

"పొంగకపోతే గాలెక్కడ నిలుస్తుందే? ఎవరు చెప్పారు నీకీ పద్ధతి?"

భార్గవి కాసేపు నసిగి, "ఫోన్లో ఒక పులి" అంది.

సాంబయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ తాత చెప్పాడు, నేను చెప్పాను. ఇప్పుడు పులి దగ్గర నేర్చుకుంటున్నావన్నమాట" అంటూ వెళ్ళిపోయాడు. భార్గవి నవ్వలేదు. అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

ఇలా ఉండగా పొన్నూరులో ఒక పెళ్ళికి వాళ్ళకు పిలుపు వచ్చింది. పెళ్ళికూతురు ఇందుమతికి ఇది రెండో పెళ్ళి. మొదటి భర్త పెళ్ళయిన కొద్దికాలానికే జబ్బుచేసి పోయాడు. ఇప్పుడు ఆమెను మనసారా ఇష్టపడి ఒక బడిపంతులు చేసుకుంటున్నాడు. మేళం మాట్లాడటానికి ఇందుమతి తల్లి సుబ్బరత్నమ్మే స్వయంగా బాపట్ల వచ్చింది.

"సాంబయ్యగారూ, మీరు ఏ పాటలు వాయించినా నాకు సంతోషమే," అంది ఆమె. "కానీ ఒక్కటి అడుగుతా. మా పిల్ల మీద నోరు పారేసుకునేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. పిలవకపోతే ఒక మాట, పిలిస్తే ఇంకో మాట. మూడు ముళ్ళు పడేటప్పుడు మాత్రం మీ మేళం ఎంత గట్టిగా ఉండాలంటే, ఒక్క మాట కూడా దాని చెవిన పడకూడదు."

సాంబయ్య కూతురి వైపు చూశాడు. "ఆ పూచీ నాదమ్మా" అంది భార్గవి. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

పెళ్ళి రోజు పొద్దున్నే పందిరి నిండిపోయింది. పురోహితుడు సాంబయ్యను పిలిచి, "వరసగా పెళ్ళిళ్ళతో నా గొంతు పోయిందయ్యా. గట్టిమేళం అని కేక వెయ్యలేను. చెయ్యెత్తుతాను, చూసుకోండి" అన్నాడు బొంగురుగా. "మా అమ్మాయి చూసుకుంటుంది స్వామీ" అన్నాడు సాంబయ్య.

భార్గవి బుగ్గలు అదిమిపెట్టుకునే ఊదుతూ ఉంది. ఎదురుగా అద్దం లేదుగానీ, పెళ్ళికి వచ్చినవాళ్ళంతా తన బుగ్గలనే చూస్తున్నారని ఆమె భయం. నిజానికి వాళ్ళు టిఫిన్ గురించి మాట్లాడుకుంటున్నారు. సన్నాయి పలచగా పలుకుతుంటే పందిట్లో కబుర్లు అంతకంతకూ పెరిగాయి. సాంబయ్య రెండుసార్లు కనుబొమలెగరేశాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

ముహూర్తం దగ్గరపడింది. గట్టిమేళానికి ముందు మేళం కాస్త ఆగుతుంది. భార్గవి సన్నాయి దించింది. సరిగ్గా అప్పుడే చాప మీద ఉన్న ఫోన్ వణికింది. తెర మీద పులి బొమ్మ మెరిసింది. "ఒక్కసారి చూసి పెట్టేస్తాను" అనుకుంది.

"ఏం, పొయ్యి ఊదడానికి వెళ్ళిపోయావా? జవాబు లేదే?" అని రాసి ఉంది.

ఆమె ముఖం జేవురించింది. ఏం రాయాలా అని ఆలోచిస్తూ తల వంచుకునే ఉండిపోయింది. వేదిక మీద పురోహితుడు చెయ్యెత్తాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు. అక్షింతలు పట్టుకుని అందరూ లేచి నిలబడ్డారు. పందిరంతా నిశ్శబ్దమైపోయింది. సాంబయ్య కర్ర ఎత్తిపట్టుకుని కూతురి తల ఎప్పుడు ఊగుతుందా అని చూస్తున్నాడు. ఆ తల పైకి లేవలేదు.

రెండో వరసలో ఒకావిడ, ఇక మేళం మోగుతుంది కదా, ఎవరికి వినపడుతుందిలే అన్న ధీమాతో పక్కావిడతో అనేసింది.

"దీనికిది రెండో తాడు. ఇదన్నా ఎన్నాళ్ళుంటుందో చూద్దాం!"

ఆ మాట ఆ నిశ్శబ్దంలో వేదిక దాకా వెళ్ళింది. మొదటి ముడి వేస్తున్న పెళ్ళికొడుకు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సుబ్బరత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న ఆవిడే అదిరిపడి చుట్టూ చూసింది. మొదటి ముడి మేళం లేకుండా, ఆ మాట వెనకే పడింది.

భార్గవి తలెత్తింది. ఇందుమతి ముఖం కనిపించింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. ఫోన్ ఎక్కడ పడిందో చూసుకోలేదు. సన్నాయి అందుకుని, బుగ్గలు ఎంత పొంగాలో అంత పొంగనిచ్చి, ఉన్న ఊపిరంతా పోసి ఊదింది. సాంబయ్య డోలు పిడుగులా మోగింది. రెండో ముడి, మూడో ముడి ఆ మోతలో పడ్డాయి. ఆ తరవాత ఎవరేమన్నా ఎవరికీ వినపడలేదు.

కానీ మొదటి ముడి తిరిగి రాదు కదా.

అక్షింతల సందడి తగ్గాక సుబ్బరత్నమ్మ మేళం దగ్గరికి వచ్చింది. కేకలు వేయలేదు. "నేను మిమ్మల్ని పాటలు అడగలేదు గదమ్మా. ఆ ఒక్క క్షణం అడిగాను" అంది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. దానికన్నా నాలుగు తిట్టి ఉంటే భార్గవికి తేలిగ్గా ఉండేది.

భోజనాల వేళ ఆమె ధైర్యం కూడగట్టుకుని ఇందుమతి ఉన్న గదికి వెళ్ళింది. ఇందుమతి పూలజడ పక్కకు వేసుకుని మజ్జిగ తాగుతోంది.

"అక్కా, తప్పంతా నాదే. నువ్వా మాట విన్నావు గదూ?"

"విన్నాను" అంది ఇందుమతి. "ఇట్టాంటివి చాలా విన్నాను భార్గవీ. మొదట్లో ప్రతి మాటకీ ఏడ్చేదాన్ని. ప్రతివాళ్ళకీ సమాధానం చెప్పుకునేదాన్ని. వాళ్ళ మాటలేమీ తగ్గలా, నేనే తగ్గిపోయాను. అందుకే ఇవాళ పీటల మీద కూర్చోకముందే అనుకున్నా. ఈ పందిట్లో మూడు గొంతులే వింటాను. మా అమ్మది, ఆయనది, నీ సన్నాయిది."

భార్గవి తల వంచుకుంది.

"మొదటి రెండూ ఉన్నాయి," అంది ఇందుమతి నెమ్మదిగా. "నీదే రాలేదు."

భార్గవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులి బొమ్మవాడు ఎన్ని రాసినా ఆమెకు ఇంత నొప్పి కలగలేదు. ఈ మాటలో నిజం ఉంది, అన్న మనిషికి ముఖం ఉంది.

"అప్పుడు ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నావు? ఇంట్లోవాళ్ళా?" అని అడిగింది ఇందుమతి.

"కాదక్కా. ఎవరో తెలియదు. పేరు కూడా లేదు."

"పేరు కూడా తెలియనివాడి కోసమా నన్ను వదిలేశావు?" అంది ఇందుమతి. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. తరవాత ఆమె భార్గవి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ రెండు ముళ్ళకీ మాత్రం బాగా ఊదావు. ఇక ఏడవకు, భోంచేసి వెళ్ళు" అంది.

ఇంటికి వచ్చాక భార్గవి ఫోన్ తీసి తండ్రి ముందు పెట్టింది. "ఇవన్నీ నీకు చదివి వినిపిస్తా నాన్నా. ఒక్కదాన్నే చదువుకుంటుంటే నాకేది ఏదో తెలియడం లేదు" అంది. సాంబయ్య గోడకు ఆనుకుని కూర్చుని, "కానియ్యి" అన్నాడు.

ఆమె పూరీల సంగతి చదివింది.

"ఇతను మనకు తెలుసా?"

"తెలియదు."

"వాయిద్యం గురించి ఏమన్నా అన్నాడా?"

"లేదు. బుగ్గల గురించే."

"అయితే తీసెయ్. మళ్ళీ రాకుండా తలుపేసెయ్. జవాబు రాయబాక, జవాబిస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టే."

భార్గవి ఆ మాటను చెరిపి, పులి బొమ్మవాడు తన గడప తొక్కకుండా కట్టడి చేసింది. అలా ఒక్కొక్కటే చదువుకుంటూ తెనాలి పెద్దాయన దగ్గరికి వచ్చింది. విసురుగా చదివి చెరపబోతుంటే సాంబయ్య గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాగు! మళ్ళీ చదువు. ఊపిరి దాచుకుని ఎక్కమన్నాడా? నేను నీకు ఏడాది నుంచి చెప్తున్నది అదే గదటే! అది తిట్టు కాదు తల్లీ, పాఠం. దాన్నీ పులితో కలిపి పారేస్తున్నావా?"

భార్గవి సిగ్గుపడింది. ఆ పెద్దాయనకు నమస్కారం పెట్టి, ఎలా ఎక్కాలో వివరంగా చెప్పమని రాసింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. మెచ్చుకున్నవాళ్ళకు కూడా ఆలస్యంగానైనా తలా ఒక మాట రాసింది. ఆ తరవాత కూడా ఆమె వీడియోలు పెడుతూనే ఉంది. చెడ్డమాటలు వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ఆమె తండ్రి అడిగిన ఆ రెండు ప్రశ్నలే వేసుకునేది. కొన్నిసార్లు మనసు చివుక్కుమనేది కూడా. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి సన్నాయి ఎత్తుకునేది. అద్దం తిరిగి గోడకు వెళ్ళింది.

మరుసటి ఏడు సుబ్బరత్నమ్మ నుంచి కబురు వచ్చింది. ఇందుమతికి సీమంతం, మేళానికి మీరే రావాలని. భార్గవికి ఆ కబురు నమ్మబుద్ధి కాలేదు. వెళ్ళగానే ఆమె మొదట చేసిన పని, ఫోన్ ఆపేసి సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టడం.

"అయిపోయేదాకా మీ దగ్గరుంచండమ్మా" అంది.

సుబ్బరత్నమ్మ ఆమె ముఖంలోకి చూసి, దాన్ని బొడ్డున దోపుకుంది.

ఇందుమతిని కుర్చీలో కూర్చోబెట్టి గాజులు తొడుగుతున్నారు. రెండో వరసలో ఆ పాత ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కావిడ చెవి దగ్గరికి వంగి, నోరు తెరిచింది. భార్గవి కళ్ళు ఇందుమతి మీదే ఉన్నాయి. బుగ్గలు నిండుగా పొంగాయి, సన్నాయి కంచుగంటలా పలికింది, సాంబయ్య డోలు అందుకుంది. ఇందుమతి చెవికి ఆ పాట తప్ప మరేమీ తగల్లేదు. ఆవిడ ఏమందో ఎవరికీ వినపడలేదు. ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నీతి: ఎవరి మాట చెవిన వేసుకోవాలో ముందే మనం ఎంచుకోవాలి, ముఖం లేనివాడి తిట్టుకు జవాబు వెతుకుతూ కూర్చుంటే, మనల్ని నమ్ముకున్నవారికి మనం అందాల్సిన క్షణం చేజారిపోతుంది.