నూకాలు పిలిచిన మూడో పిలుపు

అనగనగా, ఏ అవ్వ చెప్పిందో ఏ తాత విన్నాడో తెలీని రోజుల్లో, మొగలిపేట అని ఒక ఊరు. ఆ ఊరికంతటికీ ఒకటే వల్లకాడు. ఆ వల్లకాటికి కాపరి నూకాలు.

నూకాలంటే ఎవరనుకున్నారు? పడుచుతనంలోనే మొగుడు పోతే, ఏడుస్తూ కూర్చోకుండా అతని గునపం భుజానేసుకున్న మనిషి. అంతకుముందు ఆ వల్లకాడు చూస్తే కడుపు తరుక్కుపోయేది. తుమ్మకంప, నక్కబొరియలు, వానొస్తే మోకాల్లోతు నీళ్ళు. శవాన్ని తెచ్చినవాళ్ళు ఎక్కడో ఒకచోట పూడ్చేసి ఒకటే పరుగు. నూకాలు కంప కొట్టింది. నీళ్ళు పోవడానికి కాలవ తవ్వింది. చుట్టూ మట్టిగోడ లేపి, తాటిచెక్కలతో తలుపు పెట్టింది. ఇక చూస్కోండి! మా వల్లకాడు మీ పెళ్ళిపందిరి కన్నా శుభ్రం అని మొగలిపేట వాళ్ళు పొరుగూళ్ళకెళ్ళి కోతలు కోసేవారు.

తలుపు బయట ఒక అరుగు కూడా కట్టింది. అది దింపుడు కళ్ళం అరుగు. పాడెని లోపలికి తీసుకెళ్ళే ముందు దించి, పోయినవాళ్ళ చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు చూడండి, అందుకు. ఏమో, పలుకుతారేమోనని ఆఖరి ఆశ. దొర పోయినా, దొరగారి పాలేరు పోయినా నూకాలుది ఒకటే మాట.

"దించండి. పిలవండి. అప్పుడు రండి."

ఒక ఏడు ఊళ్ళో మాయదారి జ్వరం పడింది. ఏ వీధిలో చూసినా పాడే. ఊరిపెద్ద కామునాయుడు చెడ్డవాడు కాదులెండి, భయపడ్డవాడు. దించడాల్లేవు, పిలవడాల్లేవు, తెచ్చినవాళ్ళని తెచ్చినట్టే పూడ్చెయ్యాలని దండోరా వేయించాడు.

నూకాలు వింటేగా!

మర్నాడు పొద్దున్నే గానుగాయన పాడె వచ్చింది. "దించండి. పిలవండి. అప్పుడు రండి." కొడుకులు పిలిచారు. గానుగాయన పలకలేదు. కుమ్మరావిడ పాడె వచ్చింది. "దించండి. పిలవండి. అప్పుడు రండి." కూతుళ్ళు పిలిచారు. ఆవిడా పలకలేదు.

ఈ సంగతి తెలిసి కామునాయుడు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఏమే నూకాలూ, చచ్చినోళ్ళెక్కడన్నా పలుకుతారా? నీకేమన్నా మతిపోయిందా?"

"పలకరని నాకు తెలీదా నాయుడు బాబూ? ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు పలకలేదు. అయినా సరే, పిలవకుండా మట్టెయ్యడానికి నాకు చేతులు రావు."

"అలాగా! అదిగో, ఇంకో పాడె వస్తోంది. పిలుచుకో. మూడు పిలుపులకీ పలకలేదా, ఆ గునపం ఇక్కడే పారేసి ఊళ్ళోంచి పో!"

నూకాలు వల్లకాటి వైపు చూసింది. ఎక్కడికి పోతుంది? కట్టుకున్నవాడు ఆ మట్టిలోనే ఉన్నాడు. అయినా తల వంచలేదు. "సరే బాబూ" అంది.

పాడెని ఇద్దరే మోసుకొచ్చారు. వెనక ఏడ్చేవాళ్ళు లేరు.

"దించండి. పిలవండి."

"ఏమని పిలవాలి నూకాలత్తా? సత్రంలో పడున్నాడు. పేరు తెలీదు, ఊరు తెలీదు."

కామునాయుడు పకపకా నవ్వాడు. నూకాలు తనే అరుగు మీద కూర్చుని ఆ మనిషి చెవి దగ్గరికి వంగింది.

"అన్నా!"

పలకలేదు.

"నాయనా!"

పలకలేదు.

ఇక మిగిలింది ఒక్క పిలుపు. నూకాలు ఇంకా దగ్గరికి జరిగింది. ఆ మనిషిని తలనుంచి కాళ్ళదాకా తేరిపార చూసింది. ఏదో మూట మోసి మోసి భుజం మీద కాయ కాసింది. పంచె మడతలో పచ్చగా ఏవో మెరుస్తున్నాయి. తీసి చూస్తే గాజుముక్కలు.

నూకాలు లేచి నిలబడింది. నడుమ్మీద చెయ్యేసుకుంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ గాజులమ్మేవాణ్ణి గుమ్మంలోకి పిలిచి ఎరగని గొంతు అది. ఆ గొంతుతో ఊరు ఊరంతా వినపడేట్టు కేకేసింది.

"ఓ గాజులయ్యా! ఇటు రావయ్యా! పచ్చగాజులున్నాయా?"

పాడె మీద పెదాలు కదిలాయి.

"ఉన్నాయమ్మా... చెయ్యి చాపు..."

అమ్మబాబోయ్! మోసుకొచ్చిన ఇద్దరూ కాలికి బుద్ధి చెప్పారు. కామునాయుడి కండువా ఎక్కడ పడిందో ఆయనకే తెలీదు. కళ్ళు తుడుచుకుని, "పట్టు నూకాలూ" అన్నాడు. ముందు ఆయన, వెనక నూకాలు. వల్లకాటి నుంచి ఊళ్ళోకి పాడె నడవడం మొగలిపేట చూసింది ఆ రోజే. జనం రెండువైపులా నిలబడి చప్పట్లు కొట్టారు!

గాజులయ్య కోలుకున్నాడు. కోలుకుని మొట్టమొదటి మూట నూకాలు గుమ్మంలోనే విప్పాడు. నూకాలు రెండు చేతులకీ నిండా పచ్చగాజులు తొడిగించుకుంది. ముండమోపికి గాజులేమిటని ఎవరన్నా అన్నారా? అనడానికి నోరెవరికుంది!

అప్పట్నుంచి ఆ ఊళ్ళో పోయినవాళ్ళని బతికున్నప్పుడు పిలిచినట్టే పిలుస్తారు. అట్లవ్వ పోతే "అవ్వా, రెండట్లు పొయ్యి!" అంటారు. బడిపంతులు పోతే "పంతులుగారూ, బడికి వేళైంది!" అంటారు. పిలుస్తూ నవ్వుతారు, నవ్వుతూనే ఏడుస్తారు.

కాలం గడిచింది. నూకాలూ పోయింది. మూసిన తలుపు ముందు ఊరంతా నిలబడింది. పండుముసలి కామునాయుడు అరుగు మీద కూలబడి ఆమె చెవిలో పిలిచాడు.

"నూకాలూ, తలుపు తియ్యి! మనిషిని తెచ్చాం!"

మూడుసార్లు పిలిచాడు. నూకాలు పలకలేదు. కామునాయుడు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆ తలుపు ఊడబీకించి, ఇక ఈ వల్లకాటికి ఇంకో తలుపు పెట్టొద్దన్నాడు.

ఇవాళ్టికీ అక్కడ తలుపు లేదు. అయినా ఏ పాడె వచ్చినా అరుగు మీద దించి, ముందు "నూకాలత్తా, తలుపు తియ్యి! మనిషిని తెచ్చాం!" అని కేకేస్తారు. కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే తమవాళ్ళని పిలుచుకుంటారు.

అసలు తలుపే లేదు కదండీ అని ఎవరైనా కొత్తవాళ్ళంటే మొగలిపేట వాళ్ళకి ఎక్కడలేని కోపం వస్తుంది.

"కనబట్టంలేదా? తీసే ఉంచింది మా నూకాలత్త!" అంటారు.