ఎదురొచ్చిన పిల్లి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రాజులకు కొదవ లేదు. రాజ్యం చేసినవాళ్లే లేరు.

మొదట పులి సింహాసనం ఎక్కింది. మేత బయళ్లన్నీ బావమరుదులకు పంచిపెట్టింది. ఆకలేసి జింకల మందలు తిరగబడితే నిలవలేక పారిపోయింది. ఎందుకిలా అయిందని అడవంతా తల పట్టుకుంది. అప్పుడు, గుట్ట మీద ఉంటూ పట్టాభిషేకాలకు దిగొచ్చి రాజుల్ని దీవించే ధూపానందస్వామి అనే నక్క కళ్లు మూసుకుని, మబ్బుదేవుడు తనతో మాట్లాడాడని చెప్పింది. పట్టాభిషేకం నాడు రాజుగారికి ఒక పిల్లి ఎదురొచ్చిందట. కారణం దొరికింది కదా, అందరి మనసూ కుదుటపడింది. బావమరుదుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ పిల్లి పేరు చారలమ్మ. ఆవేళ తన దారిన తాను మడుగుకు పోతోంది, అంతే. ఇకమీదట పిల్లులు ఎవరికీ ఎదురు రాకూడదన్నారు. మడుగుకేమో ఒకటే ఇరుకు దారి. వెళ్లేవాళ్లకు వచ్చేవాళ్లు ఎదురు కాక ఏమవుతారు? చారలమ్మ పిల్లలు మంచు పట్టిన ఆకులు నాకి దాహం తీర్చుకున్నాయి.

తర్వాత చిరుత రాజైంది. సైన్యానికి తిండి పెట్టలేదు. ఆ సైన్యమే దాన్ని తరిమేసింది. ఆడవాళ్లు ఎదురు చెప్పడం వల్లే ఇదంతా అని నక్క తేల్చింది. లేళ్ల నుంచి పిట్టల దాకా ఆడజాతి నోళ్లు మూతపడ్డాయి. మగ కోతులకు ఈ దేవుడు భలే నచ్చాడు.

ఆ తర్వాత ఎలుగు. తేనెపట్టులన్నీ తానే దాచుకుంది, అదీ కూలింది. ఈసారి తప్పు మంచిరోజుల కోసం ఎదురు చూసేవాళ్లదట. గూటి అంచున కూర్చుని పిల్లల కోసం ఎదురు చూస్తున్న తల్లికాకిని నక్క శిష్యులు కొమ్మ మీంచి దించేశారు.

చారలమ్మకు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. 'ఎదురు' అనే ఒక్క మాటలోంచి ఇన్ని పాపాలు ఎలా పుట్టుకొస్తున్నాయి? అసలు ఎదురు రావడమంటే ఏమిటి? ఆలోచిస్తూ ఉండగానే ఎండలు ముదిరాయి. ఆకుల మీద మంచు కూడా కరువైంది. పిల్లల నాలుకలు పిడచకట్టాయి.

అడవిపందికి పట్టాభిషేకం జరిగే రోజు ఊరేగింపు మడుగు దారిన వచ్చింది. చారలమ్మ పిల్లల్ని వెంటేసుకుని దారికి సరిగ్గా మధ్యలో నిలబడింది.

"రాజుగారికి ఎదురొచ్చింది. పట్టుకుని చంపండి" అంది నక్క.

"వచ్చాను స్వామీ. మరి రాజుగారు నాకు ఎదురు రాలేదా?" అంది చారలమ్మ. "పులిరాజుగారు నాకు ఎదురొచ్చిన పాపానికి నా పిల్లలకు నీళ్లు లేవు. ఆయన్ని ఏ దారి తప్పుకోమన్నారు?"

ఎక్కడో ఒక లేడి కిసుక్కున నవ్వింది.

"సరే, ఎదురు రావడమే పాపమనుకుందాం. ముగ్గురు రాజులకూ పట్టాభిషేకం నాడు గుట్ట దిగి ఎదురొచ్చి దీవించింది ఎవరండీ?"

అడవిపంది మెల్లగా నక్కకు దూరంగా జరిగింది. దీవించడానికి ఎత్తిన నక్క కాలు గాల్లోనే ఉండిపోయింది. నిన్నటిదాకా దానికి దణ్ణాలు పెట్టిన కోతులే, తరిమేద్దాం అంటూ ముందుకొచ్చాయి.

"వద్దు నాయనలారా. ఎదురొచ్చారని ఎవర్నీ తరమొద్దు. అడగాల్సింది అడగండి, చాలు" అని చారలమ్మ పంది వైపు తిరిగింది. "రాజుగారూ, తమరికి బావమరుదులున్నారా?"

అడవి అడవంతా ఆ జవాబు కోసం ఎదురు చూస్తూ నిలబడింది. ఆ కాళ్ల సందుల్లోంచి దూరి, పిల్లికూనలు మడుగు చేరి నీళ్లు తాగాయి.

రాజ్యం ఎందుకు కూలిందని అడగాల్సిన చోట ఎవరు ఎదురొచ్చారని వెతికితే, రాజులు మారతారు గానీ రోజులు మారవు.