ఆరుద్ర పురుగుల దారి

వానాకాలమంతా భిక్షువులు విహారం విడిచి వెళ్ళకూడదని నియమం. కృష్ణ ఒడ్డు కొండ మీది విహారంలో అందరూ హాయిగా పాటించే ఆ నియమం, ఆ ఏడు నందమిత్రుడి ప్రాణానికొచ్చింది.

కిందటేడు నిండు సభలో ఒక పండితుడు అతన్ని వాదంలో ఓడించాడు. ఆ అవమానంతో ఏడాది పొడుగునా రాత్రింబవళ్ళు చదివాడు. ఇప్పుడా పండితుడే మనిషిని పంపాడు. పది రోజుల్లో సభ, ధైర్యముంటే రమ్మని. వెళ్ళకపోతే జడిసి దాక్కున్నాడని ఊరంతా కోడై కూస్తుంది. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, మూడోనాటి పొద్దున నందమిత్రుడు గురువు బోధిపాలుడి ముందు నిలబడ్డాడు.

"సెలవివ్వండి భంతే. వానలో తడుస్తాను, బురదలో నడుస్తాను. నాకేం కష్టం లేదు."

"నీకు కష్టమని ఎవరన్నారు నాయనా?"

"మరెందుకీ నియమం? ఎండాకాలమంతా ఈ దారినే కదా తిరిగాం!"

గురువు మెట్టు మీద పాకుతున్న ఎర్రటి ఆరుద్ర పురుగును మెల్లగా తీసి శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"ఎవరి కాలికిందా పడనిచోట దీన్ని వదిలి, అటే వెళ్ళిపో."

ఇంత సులువుగా సెలవు దొరుకుతుందని నందమిత్రుడు అనుకోలేదు. గబగబా మెట్లు దిగి, కొన్ని అడుగులు వేశాక చోటు కోసం నేలకేసి చూశాడు.

వేసవిలో నెర్రెలు విచ్చి, కాళ్ళు కాల్చిన దారి. ఇప్పుడు బియ్యపుగింజంత గడ్డి మొలకలు. వాటి మధ్య గోరంత కప్పపిల్లలు. ఎటు చూసినా ఎర్రగా, మెత్తగా, తొందరేమీ లేకుండా నడిచిపోతున్న పురుగులు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. బురదలో తన అడుగులు ఏడు. మూడోదానిలో ఎర్రటి మరక.

"ఎక్కడ వదలను భంతే?" అక్కడినుంచే గురువును అడిగాడు.

"నువ్వు నడవనిచోట."

నందమిత్రుడు వంగి, చేతిలోని పురుగును పక్కనున్న పొద మొదట్లో వదిలాడు. తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ మెట్ల దాకా తిరిగొచ్చాడు. అక్కడ పండితుడు పంపిన మనిషి తాటాకు గొడుగు విప్పి సిద్ధంగా ఉన్నాడు.

"బయల్దేరదామా స్వామీ? లేకపోతే మావారికి ఏమని చెప్పను?"

నందమిత్రుడు దారికేసి ఒకసారి చూశాడు.

"రావడానికి భయమేసిందని చెప్పు."