బంగారప్ప గూడు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా బోసినోట్లో ముప్పై రెండు పళ్ళూ మళ్ళీ మొలుచుగాక! అంతా నిజమే. వినవే మంగా.

అనగనగా ఒక అడవిలో ఏనుగులు కూడా ఈదలేనంత పెద్ద వాగు. దాని మీదికి వంగిన తుమ్మచెట్టుకు లక్ష గిజిగాడి గూళ్ళు. లెక్కపెట్టబోయిన కొంగ ముసలిదైపోయింది గానీ లెక్క తేలలేదు.

ఆ గిజిగాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఎవరి గూడు పడిపోయినా, మిగతావాళ్ళంతా తలో గడ్డిపోచ తెచ్చి, పొద్దుగూకేలోగా కొత్తది అల్లి ఇవ్వాలి.

అక్కడే బంగారప్ప అనే గిజిగాడూ, వాడి పెళ్ళాం నూకాలూ ఉండేవాళ్ళు. ఒక ఏడు పెనుగాలికి వాళ్ళ గూడు ఊడిపోయింది. పాపం, బంగారప్ప తప్పేమీ లేదు. అందరూ వచ్చి అల్లి ఇచ్చారు. పాతదానికంటే బాగుంది!

దాంతో వాడికి బద్ధకం పట్టుకుంది. మరుసటి ఏడు గూడు కట్టుకుంటూ ముడులు వదులుగా వేశాడు. గూడు జారిపోయింది. మళ్ళీ అందరూ వచ్చారు.

"ఏం బావా, ముడెయ్యడం మరిచిపోయావా?" అని పక్కగూటి సింగన్న వెక్కిరించాడు.

"మీరంతా ఉండగా నాకెందుకు బావా మెడనొప్పి?" అని బంగారప్ప నవ్వాడు.

మూడో ఏడు వాళ్ళకు పిల్లలు పుట్టారు. గోరంత ఒళ్ళు, కొండంత నోళ్ళు!

గూడు గాలికి తిరిగిపోకుండా గిజిగాళ్ళు లోపల తడిమట్టి అద్దుతారు. ఆ బరువుకు గూడు నిలుస్తుంది. బంగారప్ప అదీ మానేశాడు.

"మబ్బు పట్టింది. పిల్లల్ని వదిలి నేను కదల్లేను. ఇంత మట్టి తెచ్చి అద్దవయ్యా," అంది నూకాలు.

"పడితే పడనీవే! సాయంత్రానికి కొత్తదొస్తుంది."

"పిల్లలున్నారయ్యా!"

"ఉంటే? వాళ్ళకీ కొత్త గూడే," అంటూ ఎగిరిపోయాడు.

గాలి వచ్చింది. కొండలు ఎగిరిపోయే గాలి అని చెప్పాలనే ఉంది నాకు. కాదే తల్లీ, మామూలు గాలే. పక్క గూళ్ళన్నీ ఊగి నిలబడ్డాయి. మట్టిలేని గూడు గింగిరాలు తిరిగి, తెగి, వాగులో పడింది. నూకాలు ఎగిరి బయటపడింది. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు.

ఆ సాయంత్రం అందరూ బిలబిలా వచ్చారు. మాట తప్పలేదు. చక్కటి గూడు అల్లారు.

"లోపలికి రా చెల్లీ," అన్నాడు సింగన్న.

నూకాలు వాగువైపే చూస్తోంది. "గూడు ఇచ్చారన్నా. నా పిల్లల్ని ఎవరు అల్లి ఇస్తారు?"

బంగారప్ప తల వంచుకున్నాడు. ఆ గూట్లో నూకాలు ఎన్నడూ కాలుపెట్టలేదు.

నీతి: పోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళున్నారని జాగ్రత్త మానకూడదు, ఎవరూ తిరిగి ఇవ్వలేనివి కూడా ఉంటాయి.

ఇక కళ్ళు తుడుచుకుని లేవవే మంగా. కోడిపిల్లల మీద గంప బోర్లించావు సరే, పైన రాయి పెట్టావా? వెళ్ళి చూసి రా.