తెల్లమద్ది చొక్కా విప్పిన కథ

రండి, రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రావాలి, నా గొంతు అంతదూరం రాదు. పలకలు పక్కన పెట్టండి. బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ముందున్న పిల్ల జడ లాగడం ఆపితే మొదలుపెడతాను. అయిందా? సరే.

ఒకప్పుడు తెల్లమద్ది చెట్టు తెల్లగా ఉండేది కాదు. బొగ్గులా నల్లగా ఉండేది. దాని బెరడు మొసలి వీపులాగా గళ్ళుగళ్ళుగా పగిలి, వేలెడు మందాన ఉండేది. మన కొండ మీద నల్లమద్దిని చూశారుగా, అచ్చం అలాగే.

అప్పట్లో ఆ రెండూ అన్నదమ్ములు. అన్న కొండవాలు మీద ఉండేవాడు. తమ్ముడు కింద వాగు ఒడ్డున ఉండేవాడు. ఇద్దరికీ ఒకటే రకం బెరడు చొక్కా. అదంటే ఇద్దరికీ ప్రాణం. ఎందుకో తెలుసా? ఎండాకాలం అడవికి నిప్పు అంటుకుంటుంది. పలచటి తోలున్న చెట్లు మాడిపోతాయి. మొసలి చొక్కా తొడుక్కున్నవాళ్ళు బూడిద దులుపుకుని నిలబడతారు.

"చొక్కా జాగ్రత్తరా తమ్ముడూ!" అని అన్న కొండ మీదనుంచి కేకేసేవాడు.

"ఒక్క గుండీ కూడా విప్పనన్నా!" అని తమ్ముడు కిందనుంచి బదులిచ్చేవాడు.

ఆ కొండల్లోనే ఈదన్న అని ఒకాయన ఉండేవాడు. తేనె కొట్టడం ఆయన పని. భార్య పేరు అంకమ్మ. అంకమ్మ తమ్ముడు బయన్న.

కొండచరియకి పట్టిన తేనె దించాలంటే ఒకడు తీగలతో పేనిన తాడు పట్టుకుని లోయలోకి దిగాలి. ఇంకొకడు పైన ఆ తాడు పట్టుకోవాలి. పైన పట్టుకునేది ఎవరనుకున్నారు? అన్న కాదు, తమ్ముడు కాదు. బావమరిది! తాడు వదిలితే తాళి తెగేది ఎవరికి? వాడి అక్కకే కదా. అందుకని బావమరిది చచ్చినా తాడు వదలడు. అదీ తేనె కొట్టేవాళ్ళ ఆచారం.

ఒకరోజు ఈదన్న కిందకి దిగాడు. పొగ పెట్టాడు. ఈగలు జుమ్మని లేచాయి.

"ఏరా బామ్మర్దీ, చేతులు వణుకుతున్నాయేందిరా? పొద్దున గంజి తాగలా?" అని కిందనుంచి ఎగతాళి చేశాడు.

"నీ బరువు చూసుకో బావా! మా అక్క నీకు గంజి పోస్తందో, బండలు పెడతందో!" అన్నాడు బయన్న.

అప్పుడే ఒక ఈగ వచ్చి బయన్న ముక్కు మీద కసుక్కున కుట్టింది. అబ్బా అని ఒక చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది. నవ్వకండర్రా. ఆ ఒక్క క్షణంలోనే తాడు రెండు బారలు సర్రున జారింది. బయన్న మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు. కానీ ఆ కుదుపుకి ఈదన్న రొమ్ము వెళ్ళి బండకి కొట్టుకుంది.

పైకి లాగేసరికి ఈదన్న ఒంటి మీద గీత కూడా లేదు. నెత్తుటి చుక్క లేదు. కానీ మనిషి మాట్లాడలేడు, నాలుగడుగులు వేస్తే కూలబడుతున్నాడు. బయన్న రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు. దడ్... దడ్... తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ, దడ్.

దెబ్బ లోపల తగిలింది. గుండెకి తగిలింది.

అంకమ్మ తమ్ముణ్ణి తిట్టలేదు. "ఏదో ఒకటి చెయ్యరా బయన్నా," అంది, అంతే. తిట్టినా బాగుండేది అనుకున్నాడు బయన్న. గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి పరిగెత్తాడు.

దారిలో ఎలుగుబంటి ఎదురైంది.

"ఏంది, ఇయ్యాల తేనె వాసన రావట్లా?" అంది ఎలుగు.

బయన్న జరిగింది చెప్పాడు.

"అయ్యో, ఈదన్న పోతే నాకు చరియ కింద తుట్టె ముక్కలు ఎవరు పారేస్తారు?" అని ఎలుగు నిజంగానే దిగులుపడింది. "ఒకటి చెప్తా విను. నేను కూడా ఒకసారి చెట్టు మీదనుంచి పడ్డా. గుండె గుబగుబలాడింది. మద్ది బెరడు గీకి నాకితే కుదురుకుంది. పైకి నలుపేగానీ లోపల ఎర్రటి సత్తువ దాచుకుంటాయి ఆ అన్నదమ్ములు. కానీ ఇవ్వరు. అడిగి చూడు."

బయన్న కొండెక్కి పెద్దమద్దిని అడిగాడు.

"నాయనా, నాకు జాలి లేక కాదు," అన్నాడు అన్న. "ఇక్కడ చుక్క నీళ్ళు లేవు. చొక్కా ఇచ్చి నిప్పుకి ఏం చూపించను?"

నిజమే మరి. బయన్న కొండ దిగి చిన్నమద్ది దగ్గరికి వచ్చాడు.

"అన్న ఇవ్వనిది నేనెట్లా ఇస్తాను?" అన్నాడు తమ్ముడు. "నన్నడగొద్దు."

బయన్నకి ఇంక ఓపిక లేదు. రెండు చేతులతో చెట్టుని వాటేసుకుని చుట్టుకొలత చూసుకున్నాడు. గొడ్డలి తీసి చుట్టూ గాటు పెట్టడం మొదలుపెట్టాడు. మొదలంతా ఒక పట్టీలాగా ఒలిచేద్దామని వాడి ఆలోచన.

అంతవరకూ ఊరకే పారుతున్న వాగు గబుక్కున లేచింది.

"ఒరే బయన్నా! చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుందిరా! బెరడులోంచే కదా దాని తిండి ఆకులనుంచి వేళ్ళకి దిగేది! తుట్టె కోసేటప్పుడు ఈగలకి ఒక ముక్క వదిలిపెడతారే మీవాళ్ళు, ఆ బుద్ధి చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏమైందిరా?"

బయన్న చేతిలో గొడ్డలి కిందపడింది. పొద్దున ఒక చెయ్యి వదిలి బావ ప్రాణం మీదికి తెచ్చాడు. ఇప్పుడు రెండు చేతులతో ఇంకో ప్రాణం తీయబోయాడు. చెట్టుకి రొమ్ము ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

చెట్టు ఉలిక్కిపడింది.

"ఏందది? నీలోపల ఎవరో తలుపు కొడుతున్నారు?"

"నా గుండె."

"ఎప్పుడూ ఇట్లాగే కొట్టుకుంటుందా? ఆగదా?"

"ఆగితే మనిషి ఉండడు. మా బావకి అదే ఆగేట్టుంది."

చెట్టు చాలాసేపు ఆ చప్పుడు వింటూ ఉంది. చెట్లకి గుండె ఉండదు కదా, అదే మొదటిసారి వినడం.

చివరికి, "వాగక్కా, నిప్పొస్తే నన్ను చూసుకుంటావా?" అని మెల్లగా అడిగింది.

"నాలో తడి ఉన్నంతవరకూ చూసుకుంటా," అంది వాగు.

అప్పుడు చిన్నమద్ది ఊపిరి పీల్చుకుని ఒళ్ళు వదులు చేసింది. టప్, టప్ మని నల్లటి బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచి బయన్న కాళ్ళ దగ్గర పడింది. కింద లేత తోలు బయటపడింది, పాలనురుగులా తెల్లగా, నున్నగా.

"తీసుకుపో. పాలల్లో వేసి కాచి ఇవ్వు. కానీ ఒక్కపూటకి నయం కాదు, తొందరపడొద్దు," అంది చెట్టు.

అంకమ్మ రోజూ మేకపాలల్లో కాచి ఇచ్చింది. వారం తర్వాత ఈదన్న లేచి కూర్చున్నాడు. నెలకి గుమ్మం దాటాడు. రెండు నెలలకి, "ఏరా బామ్మర్దీ, ముక్కు వాపు తగ్గిందా?" అని అడిగాడు. అది విని అంకమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. అడవికి నిప్పంటుకుంది. మంట కొండ దిగుతూ వస్తుంటే చిన్నమద్ది గజగజ వణికింది. వాగు అప్పటికి సన్నగా చిక్కిపోయి ఉంది. అయినా ఉన్న తడినంతా చెట్టు మొదట్లోకి తెచ్చింది. అదీ చాలలేదు. మంట ఒడ్డెక్కింది.

అప్పుడు పచ్చికొమ్మలు నీళ్ళలో ముంచి మంటని బాదుతూ ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు బయన్న. ఇంకొకడు ఈదన్న! బాదుతున్నాడు, అరుస్తున్నాడు, అంత పొగలోనూ నిలబడ్డాడు. మంట ఆరిపోయాక చెట్టుకి జారగిలబడ్డాడు. ఆయన వీపులోంచి చెట్టుకి వినపడింది. దడ్, దడ్, దడ్. ఎక్కడా ఆగలేదు.

చెట్టు మురిసిపోయింది. "నీ గుండె నిలిచింది సరే. ఇంకెవరిదన్నా అదిరితే? ప్రతిసారీ ఎవరో వచ్చి ఏడవక్కర్లేదు. ఏటేటా నేనే చొక్కా విప్పుతాను," అంది.

అప్పటినుంచే తెల్లమద్ది వాగుల వెంట, నీళ్ళ పక్కనే పెరుగుతుంది. ఏటా పాత బెరడు పెచ్చులుగా రాల్చుకుంటుంది. నల్లబడేలోపే కొత్త తోలు వస్తుంది కాబట్టి ఎప్పుడూ తెల్లగా, నున్నగా ఉంటుంది.

ఆ బెరడు గుండెకి మంచిదని మన పెద్దవాళ్ళు వాడారు. అందులో గుండెని దెబ్బనుంచి కాపాడే గుణం ఎంతుందో చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ పరీక్ష చేసి చూస్తున్నారు. మీరు మాత్రం వాగుకి పోయి చెట్టు గీకి తినకండి! ఇంట్లో ఎవరికన్నా గుండెలో నొప్పంటే పరిగెత్తేది డాక్టరు దగ్గరికే.

సరే, లేవండి. మీ అమ్మలు కంచాలు పెట్టి వీధిలోకి చూస్తుంటారు. కాళ్ళు కడుక్కుని, కడుపునిండా అన్నం తినండి. పోండి.